సున్న

పొద్దున్న ఆరింటికి లైటు వేస్తే
అరగంటలో గుడ్లు పెడుతుంది చారల చేప.
జల్లెడ లోంచి తొట్టి అడుక్కి జారినవాటిని
టీ వడపోతతో ఎత్తుతాను.
ఆవగింజ కన్నా చిన్నది,
లోపల ఏదీ దాచుకోలేని సున్న.

ఈ చేప మన కాలవల్లోదే.
నరసాపురం దగ్గర, ఊడ్పుల ముందు మడినీళ్లలో
పిత్తపరిగెలతో పాటు వలలో పడేది.
మా అమ్మ ఏరి గట్టు మీదకి విసిరేది:
"ఇవి పులుసుకీ రావు, వేపుడుకీ రావు."
ఇప్పుడు భీమవరం కాలేజీలో
వీటికి ఏసీ గది, నాకు జీతం.

ముప్పావు గంటకి ఒకటి రెండవుతుంది.
ఆపైన పావుగంటకోసారి
రెండు నాలుగు, నాలుగు ఎనిమిది.
నేను క్యారేజీ విప్పేసరికి
సొన మీద టోపీలా దిగుతుంటాయి కణాలు.
రొయ్యల లారీలు ఐసు నింపుకునేవేళకి
తలెటో తోకెటో తేలిపోతుంది.
మర్నాడు మళ్లీ లైటు వేసేసరికి
సూదిమొనంత చోట ఓ వణుకు.
గుండె.

నాలుగింట మూడింటికి.

నాలుగోదానికి ఒక్క అక్షరం తప్పు.
ఇందుమతి మేడం బోర్డు మీద ఏవో గుర్తులు వేసి చెప్పింది.
నాకు అర్థమైంది మాత్రం ఇది:
గుండె అని రాయబోయి సున్న మర్చిపోతే
గుడె.
నోరు పలుకుతుంది, ఎవరికీ అందదు.
మిగతా పేజీలో కొమ్ములూ గుడులూ అన్నీ సరిగ్గానే ఉంటాయి.
కళ్లు నల్లబడతాయి. తోక విదిలిస్తుంది.
చెవిలో రెండు ఇసకరేణువులు కూడా వేళకే వస్తాయి.
గుండెకి గది కట్టే ఉంటుంది,
గోడలు కదలవు.

అయినా బతుకుతుంది!
మొదట్లో నాకు మింగుడుపడనిది అదే.
రెండు రోజులు, మూడు, ఒక్కోసారి ఐదు.
నెత్తురు నడవకపోయినా
చుట్టూ ఉన్న నీళ్లే చర్మం గుండా ఊపిరి అందిస్తాయి.
అంత చిన్నదానికి నీళ్లు చాలు.
పెరగడమే దాని ప్రాణం మీదకి తెస్తుంది.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఉండి రోడ్డు దాకా చెరువుల్లో
ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.
రోజూ వినీ వినీ వినడం మానేసిన చప్పుడు
ఆగేసరికి చెవులు గింగురుమన్నాయి.
ఎవరో టార్చి పట్టుకుని డీజిలింజను దగ్గరకి పరిగెత్తారు.
ఎవరో ఎవర్నో తిట్టారు.
మా గది ఇన్వర్టరు మీద నడిచింది.

తొట్లు కడిగే ఏసుపాదం
మొదటిసారి మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.
చాలాసేపు తియ్యలేదు.
"తప్పు తల్లిదాండీ, తండ్రిదా?"

ఇద్దరూ ఆ మూల తొట్టిలో
మేత కోసం మూతులు పైకెత్తి, నిగనిగలాడుతూ.
ఇద్దరి దగ్గరా చెరో మంచి ప్రతి, చెరో తప్పు ప్రతి.
మంచిది పక్కన ఉన్నంతకాలం తప్పుది పైకి కనపడదు.
"ఇద్దరికీ ఒకడే తాత," అన్నాను.
"మా అక్కని మా మావయ్యకే ఇచ్చాం," అన్నాడు.
అని, తొట్టి గాజు మీద నాచు గీకడం మొదలెట్టాడు,
అప్పటికే గీకేసిన తొట్టి.

నేను లెక్క రాశాను.
తొంభై ఆరింట కొట్టుకోనివి ఇరవై ఒకటి.
ఇరవై నాలుగు రావాలి గానీ
రెండూ మూడూ అటూ ఇటూ అవుతాయంటుంది మేడం.
ఎటు అవుతాయో, ఎవరింట అవుతాయో
నా పుస్తకంలో గడి లేదు.
పేజీ పైన గుండె అని రాస్తూ
సున్న దగ్గర పెన్ను ఆగింది.
రెండుసార్లు దిద్దాను.

ఏ మూడింటికో కరెంటొచ్చింది.
చెరువులన్నీ ఒకేసారి కొట్టుకోసాగాయి.
"ఇవి ఎన్నాళ్లుంటాయండీ?"
"ఎల్లుండి దాకా."
"మరి నీళ్లు మార్చనా?"
మార్చమన్నాను.